జానెడు తగ్గిన ఇల్లు

ఇంతకుముందు నేనేమీ రాసి ఎరగను. చిన్నబడిలో చదివింది నాలుగు తరగతులు. ఆ తర్వాత రాసిందల్లా, రోడ్డు పక్క హోటల్లో ఎవరికి గుడ్లు ఎలా కావాలో చీటీల మీద రాసిందే. కథ నోటితో చెప్పమంటే కాస్త ఫరవాలేదు, ఎందుకంటే చెప్పేటప్పుడు పొయ్యి వైపు తిరిగి ఉంటాను. రాసేటప్పుడు మొహం ఎటు పెట్టుకోవాలో తెలియడం లేదు. అయినా ఆర్డిస్ గురించి ఈ దారిలో తలో మాటా అంటున్నారు. మొగుడిని ఏదో చేసేసిందని కూడా అన్నారు. అందుకని కూర్చున్నాను.

ఇళ్ళని నిలువునా లేపి, బండి మీద ఇంకో చోటికి మోసుకెళ్ళేవాళ్ళకి పొద్దున్నే కాఫీ తర్వాత మొదటి పని కొలత. సూర్యుడు వచ్చేదాకా బండి కదలకూడదు, దిగాక రోడ్డు మీద ఉండకూడదు, ఆదివారం అసలే కూడదు, గాలికి, ఇంటి మూలన కట్టిన ఎర్ర జెండా కర్రలా బిగుసుకుని నిలబడితే కూడదు. నెబ్రాస్కా ఇచ్చిన పర్మిట్ ఆ రాష్ట్రం పొలిమేర దాటితే చిత్తుకాగితం. అవతల వయోమింగ్ వాళ్ళది వేరే పర్మిట్, వేరే రూల్సు. ఏ రోడ్డున పోవాలో అందులోనే రాసి ఉంటుంది. పక్క రోడ్డు ఎక్కితే పర్మిట్ లేనట్టే లెక్క. ఎంత వెడల్పు, ఎంత ఎత్తు, ఏ ఇరుసు మీద ఎంత బరువు, ఇంట్లో ఎంతమంది ఉండబోతున్నారు, అన్నీ ముందే చెప్పుకోవాలి.

పునాది మీదనుంచి లేచిన ఇల్లు చక్రాల మీద ఉన్నన్నాళ్ళూ ఊరుకోదు కదా. లోపలికి ఎవరు రాబోతున్నారో వాళ్ళకి సరిపడా సర్దుకుంటుంది. కడుపుతో ఉన్న కోడలుంటే పర్మిట్ ఆఫీసువాళ్ళే ఓ బెత్తెడు కలిపి రాస్తారు. ఒకాయన చెల్లెలు వచ్చి ఉంటుందన్న సంగతి దాచిపెట్టాడు. ఇల్లు దారిలో ఉబ్బి వంతెన దగ్గర పట్టక, కొత్త పర్మిట్ వచ్చేదాకా మొక్కజొన్న చేలో నిలబడిపోయారు. దాచినందుకు చెల్లెలు అలిగి అసలు రాలేదు. ఇల్లు మళ్ళీ సన్నబడేసరికి పాత పర్మిట్‌తోనే వెళ్ళారు.

ఈ పనిలో ఉన్నవాళ్ళకి ఇంకో పద్ధతి ఉంది. టేపు రెండు చివరలూ ఆ ఇంట్లో ఉండబోయేవాళ్ళే పట్టుకోవాలి. పరాయివాళ్ళు కొలిస్తే ఇల్లు ఊపిరి బిగపడుతుందనీ, లెక్క తేడా వస్తుందనీ వాళ్ళ నమ్మకం. పోలీసులు కూడా అదే ఒప్పుకుంటారు.

ఆ అక్టోబరులో, బయల్దేరిన మర్నాడు పొద్దున, రాత్రి బండి ఆపిన ధాన్యం గోదాముల వెనక ఖాళీ జాగాలో రోడ్డు వైపు చివర ఆర్డిస్ పట్టుకుంది. కాలవ వైపు చివర ఆమె భర్త ఓరిన్ పట్టుకున్నాడు. బండి యజమాని డెల్బర్ట్ మధ్యలో వంగి అంకె చూశాడు. తండ్రి కాలం నుంచీ ఇళ్ళు లేపడమే అతని పని.

"జానెడు తక్కువుంది" అన్నాడు.

"మళ్ళీ చూడు" అన్నాడు ఓరిన్.

"చూశాను. తగ్గితే మనకేం బాధ లేదు. పెరిగితేనే పోలీసుతో తలనొప్పి."

"తగ్గడమేంటి? నిన్న పెరట్లో సరిగ్గా ఉందిగా."

డెల్బర్ట్ టోపీ తీసి, నెత్తి గోక్కుని, మళ్ళీ పెట్టుకున్నాడు. "పర్మిట్‌లో ఇద్దరని రాయించావు. ఇల్లు ఒక్కరే అనుకుంటోంది. అంతే."

బండికి ముందు దారి చూసే కారు నడిపే విల్మా కాఫీ కప్పులోకి చూస్తూ ఉండిపోయింది. వెనక కారు నడిపే గ్లెన్ పొద్దుతిరుగుడు గింజలు నములుతూ, ఊకని మర్యాదగా అరచేతిలోకి ఉమ్ముకున్నాడు. ఓరిన్ మాత్రం టేపు వదలకుండా, ఆ చివరనుంచి ఈ చివరకి ఆర్డిస్ వైపు చూశాడు.

"ఎవడే వాడు?" అన్నాడు.

"ఎవడేంటి, ఓరిన్?"

"నువ్వు ఎవడి దగ్గరికి పోదామనుకుంటున్నావో వాడు."

ఆర్డిస్ టేపు వదిలేసింది. అది సర్రున వెళ్ళి ఓరిన్ వేళ్ళకి తగిలింది.

ఆర్డిస్‌కి యాభై దాటాయి. ఊళ్ళో బడి వంటగదిలో పనిచేసేది, ఆదివారం చర్చిలో వెనక వరసలో నిలబడి పాడేది. ఓరిన్ చెడ్డవాడని ఎవరూ అనరు. తాగడు, చెయ్యెత్తడు. ఉన్నదల్లా అనుమానం. కారు ఎంత దూరం తిరిగిందో సాయంత్రం కాగానే చూస్తాడు. ఉత్తరాలు తెచ్చేవాడు హారన్ రెండోసారి కొడితే ఆ పూట అన్నం దగ్గర మాట ఉండదు. చర్చిలో ఆమె గొంతు కాస్త పైకి లేస్తే, "ఎవడికి వినబడాలని?" అంటాడు. అలా అనుమానించి అనుమానించి, చివరికి వయోమింగ్‌లో ఒక మూల గడ్డిభూమి కొన్నాడు. మంచు పడితే మళ్ళీ వసంతం దాకా దారి ఉండదు. ఫోను పలకదు. "ప్రశాంతంగా ఉంటుంది" అన్నాడు. ఎవరికో చెప్పలేదు.

ఇల్లు మాత్రం ఆర్డిస్‌దే. మేనత్త థోరా ఆమె పేర రాసి పోయింది. బండి మీద సరుకు ఎవరిదో వాళ్ళ పేరునే పర్మిట్ ఇస్తారు, వాళ్ళు బండి వెంట ఉండి తీరాలి. లేకపోతే ఓరిన్ ఆమెని ముందే అక్కడ దింపేసి వచ్చేవాడు. అక్కడ గేటు దాటాక ఇక బతుకంతా ఒక్క మనిషి కళ్ళ ముందే గడపాలని ఆర్డిస్‌కి తెలుసు. తెలిసినా, ఇంటిని వదిలి ఎటు పోవాలో తోచక వెంట వచ్చింది.

ఆమె విల్మా కారులో కూర్చునేది. ఆ కారు ముందు ఒక పొడుగాటి గడ నిలబెట్టి ఉంటుంది. ఇంటికంటే అది ఓ జానెడు ఎత్తు. ఏ కరెంటు తీగైనా, ఏ వంతెన అడుగైనా ముందు గడకే తగలాలి, ఇంటికి కాదు. ఓరిన్ ట్రక్కులో డెల్బర్ట్ పక్కన కూర్చున్నాడు, కావాలనే. అక్కడనుంచి ముందు కారు అద్దంలోంచి కనబడుతుంది, వెనక కారు పక్క అద్దంలో కనబడుతుంది, రేడియోలో ముగ్గురి మాటలూ వినబడతాయి.

"ఎదురుగా గడ్డికోత బండి వస్తోంది, కాస్త పక్కకి" అంది విల్మా రేడియోలో.

"సరే" అన్నాడు డెల్బర్ట్.

"వెనక అంతా ఖాళీ" అన్నాడు గ్లెన్.

"వాడి గొంతెందుకు అంత మెత్తగా ఉంది?" అన్న ఓరిన్ మాట కూడా వినబడింది. డెల్బర్ట్ మీట వదలడం మర్చిపోయినట్టున్నాడు.

విల్మా రేడియో కట్టేసింది. అలా కట్టకూడదు, రూల్సు ఒప్పుకోవు, అయినా కట్టింది. "ఏం తల్లీ, నీకు కూడా నాలుగు వైపులా ఎర్ర జెండాలు కట్టేట్టున్నాడే మీ ఆయన" అంది.

ఆర్డిస్‌కి నవ్వొచ్చింది. నవ్వుతూనే వెనక్కి తిరిగి చూసింది, ట్రక్కులోంచి తన భుజాలు కదలడం కనబడుతుందేమోనని.

"నిజం చెప్పు, ఎవరైనా ఉన్నారా?" అంది విల్మా. "ఉంటే నాకేం అభ్యంతరం లేదు. ఊరికే, దారి పొడుగుంది కదా."

"ఎవరూ లేరు విల్మా. పోదామని కూడా అనుకోలేదు. పొద్దున్న ఇల్లు తగ్గిందని డెల్బర్ట్ అంటే, నాకు తెలియకుండా నేనేమైనా అనుకుంటున్నానా అని నా మీద నాకే అనుమానం వచ్చింది."

మధ్యాహ్నం గాలి లేచింది. జెండాలు బిగుసుకున్నాయి. డెల్బర్ట్ బండి పక్కకి తీసి ఆపేశాడు. ఇక ఆ పూటకి అంతే. అక్కడ మళ్ళీ కొలిస్తే పొద్దుటి జానెడు మీద ఇంకో జానెడు తగ్గింది. ఓరిన్ ట్రక్కు మీద ఉన్న దూలాల్లోంచి బలమైనది ఒకటి దింపి, నిచ్చెన వేసుకుని ఇంట్లోకి మోసుకుపోయాడు. ముందు గదిలో ఈ గోడనుంచి ఆ గోడకి అడ్డంగా దాన్ని బిగించడం మొదలుపెట్టాడు.

"ఏం చేస్తున్నావయ్యా?" అన్నాడు డెల్బర్ట్ కిందనుంచి.

"తగ్గకుండా ఆపుతున్నా."

"అది ఆపితే ఆగేది కాదు. పైగా బరువు. ముందు ఇరుసు ఇప్పటికే అంచున ఉంది. పర్మిట్‌లో రాసిన బరువు దాటితే నన్ను ఆపేస్తారు."

"నా పెళ్ళాం సంగతి నీ ఇరుసుకేం తెలుసు?"

"నా ఇరుసు సంగతి నాకు తెలుసు" అన్నాడు డెల్బర్ట్. అయినా వెళ్ళి చక్రాలు చూసుకొచ్చాడు గానీ ఆపలేదు. మొగుడూ పెళ్ళాల మధ్యకి వెళ్ళడం అతని రూల్సులో లేదు.

అప్పుడు గ్లెన్ చేసిన పొరపాటు ఒకటి ఉంది. గాలికి వణుకుతూ నిలబడ్డ ఆర్డిస్‌కి తన ఫ్లాస్కులోంచి కాఫీ పోసిచ్చాడు. ఇచ్చి, ఏమీ అనకుండా వెళ్ళి తన కారులో కూర్చున్నాడు. ఓరిన్ ఇంటి కిటికీలోంచి అది చూశాడు. ఏమీ అనకుండా వెళ్ళాడు కదా, అదే పట్టుకున్నాడు. తప్పు లేనివాడైతే ఒక మాటైనా అనేవాడు కాదూ, అని డెల్బర్ట్‌తో అన్నాడట.

మర్నాడు తెల్లవారేసరికి దూలం ఒక పక్క గోడలోంచి బయటికి పొడుచుకొచ్చి ఉంది. ఇల్లు తన దారిన తాను లోపలికి జరిగింది. దూలం జరగలేదు. కొలత పద్ధతి ప్రకారం వెడల్పు అంటే అన్నిటికంటే బయటికి ఉన్నచోటే. అలా చూస్తే, ఇల్లు సన్నబడి కూడా పర్మిట్ దాటి పోయింది.

విల్మా పగలబడి నవ్వింది. "ఓ పెద్దమనిషీ, ముక్కు కాస్త లోపలికి పెట్టుకోవయ్యా, పోలీసు చూస్తాడు" అంది. డెల్బర్ట్ రంపం తెచ్చి దూలం కోశాడు. మిగిలిన ముక్క లోపల దబ్బున పడింది.

సున్నం పెళ్ళలు ఊడ్చడానికి ఆర్డిస్ ఇంట్లోకి ఎక్కింది. బండి ఆగి ఉన్నప్పుడైతే ఎక్కొచ్చు. ముందు గది ఊడ్చి, చేట కోసం వంటింట్లోకి వెళ్ళింది. చేట అలమర పై అరలో ఉంటుంది. థోరా అత్త పొడగరి. ఆ అరకోసం ఆర్డిస్ ఎప్పుడూ పీట వేసుకునేది. పీటకోసం అటూ ఇటూ చూసి, మళ్ళీ అలమర వైపు తిరిగితే, పై అర సరిగ్గా తన కళ్ళ ఎదుట ఉంది. చెయ్యి చాపితే చేట చేతికి వచ్చింది.

ఆమె చేట పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తర్వాత నెమ్మదిగా తక్కిన ఇల్లంతా చూసింది. తలుపు వెనక ఓరిన్ కోటు తగిలించే కొక్కెం లేదు. విరిగి పడలేదు. అక్కడ గోడకి చిల్లు కూడా లేదు, రంగు నున్నగా ఉంది. పడకగదిలో మంచానికి అతని వైపు గోడ వచ్చి ఆనుకుంది. ఆమె వైపు కిటికీ మాత్రం ఎప్పటిలాగే ఉంది, కాస్త కిందికి దిగింది, పడుకుంటే బయటికి కనబడేలాగ.

ఇల్లు వదిలి పోయేది తను కాదు.

ఆ మాట ఆమెకి సంతోషం ఇవ్వలేదు. ఓరిన్‌కి గుండెకి మాత్రలు ఉన్నాయి. కిందటేడు మెట్లెక్కుతూ ఆగి గోడ పట్టుకోవడం చూసింది. చచ్చిపోతాడా? లేక తనని ఆ గడ్డిభూమిలో దింపేసి, తను వేరే పోదామని అనుకుంటున్నాడా? అందుకేనా అంత దూరం కొన్నది? ముప్పై ఏళ్ళుగా అతను తనని ఎలా చూస్తున్నాడో, ఆ పొద్దున మొదటిసారి ఆమె అతన్ని అలా చూసింది. ఎక్కడ నిలబడ్డాడు, ఎటు చూస్తున్నాడు, జేబులో ఏం తడుముతున్నాడు. అనుమానం అంత తేలిగ్గా పట్టుబడుతుందని ఆమెకి తెలియదు.

విల్మాకి చెప్పింది, రేడియో కట్టేయించి.

"అయితే పోయేవాడు ఆయన" అంది విల్మా.

"పోవడమంటే ఏ పోవడం?"

"అంత వరకు ఇల్లు చెప్పదు తల్లీ. ఆయనకి చెబుతావా?"

"చెబితే నేనే చంపుతానంటున్నాననుకుంటాడు."

ఆ రోజు పొద్దున వాళ్ళు తిన్నది నా దగ్గరే. నలుగురికి నాలుగు పళ్ళేలు, ఓరిన్‌కి ఒకటి. ఓరిన్ పంది మాంసం ముక్కలు ఎక్కువ అడిగాడు. ఆర్డిస్ చెయ్యి చాపి ఉప్పు సీసా అతని దగ్గరనుంచి ఇవతలికి లాగింది. "గుండెకి మంచిది కాదు" అంది, నాకు వినబడీ వినబడనంత చిన్నగా. మాంసం ముక్కలు రెండు తీసి తన పళ్ళెంలో వేసుకుంది. అతను నమిలే ప్రతి ముద్దా చూస్తూ కూర్చుంది.

ఓరిన్ నమలడం ఆపేశాడు. "ఏం చూస్తున్నావు?"

"ఏం లేదు. నెమ్మదిగా తిను."

అతను తన పళ్ళెం ఆమె వైపు తోసి, ఆమె పళ్ళెం తను లాక్కున్నాడు. కాస్సేపటికి ఆ పళ్ళెం కూడా తోసేశాడు. నన్ను పిలిచి, ఉడకబెట్టిన గుడ్డు పెంకు తియ్యకుండా తెమ్మన్నాడు. పెంకు తనే ఒలుచుకున్నాడు. హోటల్లో ఉన్నవాళ్ళందరూ చూశారు. ఆర్డిస్ విషం పెట్టిందన్న మాట పుట్టింది అక్కడే. ఆ గుడ్డు ఉడకబెట్టింది నేను, పళ్ళేలు నింపింది నేను. ఎవరూ నన్ను అడగలేదు.

పొలిమేర దగ్గరికి చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. వయోమింగ్ పోలీసు రోడ్డు పక్క కారు ఆపుకుని ఎదురుచూస్తోంది. వయసులో చిన్నది, జుట్టు బిగించి కట్టుకుంది. పర్మిట్ తీసుకుని చదివింది.

"ఆర్డిస్ హాగెన్ ఎవరండీ?"

"నేనే."

"ఇద్దరా ఇంట్లో?"

"ఇద్దరమే" అన్నాడు ఓరిన్ ఆర్డిస్ నోరు విప్పేలోపు.

"కొలవండి మరి."

భార్యాభర్తలు చెరో చివరా పట్టుకున్నారు. పోలీసు మోకాలి మీద వంగి అంకె చూసింది, పర్మిట్ చూసింది, మళ్ళీ అంకె చూసింది. ఏమీ ఆశ్చర్యపోలేదు. తన కారులో కూర్చుని ఆఫీసుకి ఫోను చేసి వచ్చింది.

"ఫరవాలేదు, వెళ్ళొచ్చు. ఇంత వెడల్పుకి మా రాష్ట్రంలో వెనక కారు అవసరం లేదు. ముందు కారు ఒక్కటి చాలు. కావాలంటే వెనకాయనని ఇక్కడినుంచే పంపేయండి."

"హమ్మయ్య" అన్నాడు గ్లెన్. ఈ మూడు రోజుల్లో అతను ఉత్సాహంగా అన్న మాట అదొక్కటే. "పొద్దుండగా ఇంటికి చేరితే మా ఆవిడ సంగతి సరే, మా పిల్లి కూడా నమ్మదు." కారు మీది హెచ్చరిక బోర్డు విప్పడం మొదలుపెట్టాడు.

ఓరిన్ అతని చేతుల వైపే చూస్తున్నాడు. "ఎందుకంత తొందర?" అన్నాడు.

"పనైపోయిందిగా."

"ఏ పని?"

గ్లెన్ బోర్డు చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. ఓరిన్ ఆర్డిస్ వైపు చూశాడు, గ్లెన్ వైపు చూశాడు, ఏదో లెక్క తేలినట్టు తలాడించాడు.

"నేనూ నీతో వస్తా. పాత పెరట్లో బావి పంపు పిడి మర్చిపోయాను. నన్ను అక్కడ దింపు. రేపో ఎల్లుండో వీళ్ళని కలుస్తా."

"అది ట్రక్కులోనే ఉంది, నేనే ఎక్కించాను" అన్నాడు డెల్బర్ట్.

"ఇంకోటి ఉంది" అన్నాడు ఓరిన్.

గ్లెన్ ఏ ఊరు వెళతాడో, ఏ ఇంటి ముందు ఆగుతాడో, ఎవరికి ఫోను చేస్తాడో చూడాలని అతని ఆరాటం. అది అక్కడున్న అందరికీ అర్థమైంది, ఆ పోలీసమ్మాయికి కూడా. ఆమె టేపు చుట్టుకుంటూ అటు తిరిగింది.

ఆర్డిస్ ఊరుకుని ఉండొచ్చు. ఊరుకుంటే చాలు. గ్లెన్ కారు తలుపు తెరిచే ఉంది. కానీ ఆమె రోడ్డుకి అడ్డం వెళ్ళి, నలుగురి ముందూ, ఎప్పుడూ లేనంత గట్టిగా మాట్లాడింది.

"వెళ్ళకు ఓరిన్."

"ఏం?"

"ఇల్లు నా జాగా తీసెయ్యడం లేదు. నీది తీసేస్తోంది. నీ కొక్కెం పోయింది, మంచానికి నీ వైపు పోయింది. లోపలికి వచ్చి చూడు, వంటింట్లో అర నా ఎత్తుకి దిగింది. ఇప్పుడు వెళితే నువ్వు ఇక రావేమోనని నాకు భయంగా ఉంది. నా మీద నమ్మకం లేకపోతే పోనీ. ఒక్కసారి ఎక్కి నీ కళ్ళతో చూసి, అప్పుడు వెళ్ళు."

నిచ్చెన అక్కడే ఉంది. పది అడుగుల దూరం కూడా లేదు.

ఓరిన్ నవ్వాడు. అతను నవ్వగా విల్మా అదే మొదటిసారి చూడటం. "ఎంత బాగా అల్లావే" అన్నాడు. "నేను ఇంట్లోకి ఎక్కుతాను, వాడు ఈలోగా కారు తీసుకుని చెక్కేస్తాడు. వాడి వెంట నేను వెళ్ళడం నీకంత భయమన్నమాట. అలాగైతే వెళ్ళే తీరాలి."

ఎక్కి కూర్చున్నాడు. గ్లెన్ దీనంగా అందరి వైపూ చూసి, గింజల పొట్లం ఒళ్ళోకి తీసుకుని, బండి వెనక్కి తిప్పాడు. ఓరిన్ చూస్తున్నది ఆర్డిస్‌ని కాదు, గ్లెన్ చేతుల్ని.

కారు దిబ్బ దాటి దిగిపోయింది. చక్రాల మీద ఇల్లు ఒకసారి కిర్రుమంది. మనిషి కుర్చీలో సర్దుకు కూర్చున్నప్పుడు వచ్చే చప్పుడు లాంటిది, అంతే.

"మళ్ళీ కొలవాలా?" అంది పోలీసు.

"వద్దులెండి. పర్మిట్ లోపలే ఉంటుంది" అన్నాడు డెల్బర్ట్.

విల్మా ఆర్డిస్ చెయ్యి పట్టుకుని కారులో కూర్చోబెట్టింది. ఆర్డిస్ ఏడుస్తోందో లేదో విల్మా చూడలేదు. గడ చివర మీదే కళ్ళు పెట్టి నడిపింది. "చెప్పేశావు కదా" అని మాత్రం అంది. "ఇక నీ మీద ఏం లేదు."

ఓరిన్ మళ్ళీ రాలేదు. చచ్చిపోయాడని అనేవాళ్ళున్నారు, అది అబద్ధం. గ్లెన్ ఇంటికి ఎదురుగా ఒక గది అద్దెకి తీసుకున్నాడు. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, ఆర్డిస్ ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని కాపలా కాస్తున్నాడు. ఆమె ఎక్కడుందో అతనికి తెలుసు, దారి తెలుసు. కానీ తను అటు వెళ్ళిన రోజే ఆమె ఇటు వస్తుందేమోనని కదలడు. గ్లెన్ భార్య అప్పుడప్పుడు సూపు తీసుకెళ్ళి ఇస్తుంది. అతను ముందు ఆమెని ఒక చెంచా తాగమంటాడట. ఆమె నవ్వుకుని తాగుతుందట. ఇది గ్లెన్ నోటితో నేను విన్నదే.

ఆ సాయంత్రం సూర్యుడు ఇంకా గట్టు మీద ఉండగానే బండి గేటు దాటింది. డెల్బర్ట్ ఇంటిని అక్కడ ముందే పోసి ఉంచిన పునాది పైకి తెచ్చి, జాకీల మీద గాల్లోనే ఉంచాడు. దించడానికి మేస్త్రీ రావాలి.

మర్నాడు పొద్దున్నే మేస్త్రీ కర్ట్ వచ్చాడు. గడ్డం నిండా సిమెంటు పొడి. ఇంటి కింద దూరి, అటు చూసి ఇటు చూసి, తిట్టుకుంటూ బయటికి వచ్చాడు.

"నేను ఇద్దరి కొలతకి పోశానమ్మా. ఇప్పుడు ఈ పక్క రెండు మూరలు మిగిలిపోతోంది. లోపల కొత్త గోడ లేపి ఇల్లు దించుతాను, అది కష్టం కాదు. ఈ బయట మిగిలినదాన్ని పగలగొట్టేయనా?"

ఆర్డిస్ ఆ సిమెంటు గోడ మీద చెయ్యి వేసింది. అప్పటికే ఎండ తగిలి కాస్త వెచ్చగా ఉంది. దాని మీద కూర్చుని చూసింది. కాళ్ళు నేలకి ఆనాయి.

"పగలగొట్టకు. పైన నున్నగా చెయ్యి చాలు."

"దేనికి?"

"ఎవరైనా వస్తే కూర్చోడానికి."

కర్ట్ నాలుగు వైపులా చూశాడు. గడ్డి, గాలి, దూరంగా దారంలా దారి. "ఇక్కడికెవరొస్తారమ్మా?" అన్నాడు. వెక్కిరింతగా కాదు, తెలియకే అడిగాడు.

ఆర్డిస్ కూడా నిజంగానే ఆలోచించింది.

"నువ్వొచ్చావు కదా. కూర్చో, కాఫీ తెస్తాను" అని, జాకీల మీద ఊగుతున్న ఇంట్లోకి నిచ్చెన ఎక్కి వెళ్ళింది.